సేవ చేసిన మనిషి ఎమ్మెల్యే అయితే: హైదరాబాద్ బస్తీ నుంచి శాసనసభ దాకా

"ఆయన ఏ పదవీ లేకుండానే ఇంత చేస్తున్నాడు, ఎమ్మెల్యే అయితే ఇంకెంత చేస్తాడో!" హైదరాబాద్ బస్తీల్లో ఎన్నికల ముందు ఈ మాట తప్పకుండా వినబడుతుంది. మాటలో అభిమానం ఉంది, కానీ లెక్క సరిగ్గా లేదు. సేవ చేసేవాడు తన డబ్బు, తన మనుషులు, తన సమయం తనకు తోచినట్టు వాడుకుంటాడు. ఆకలిగా ఉన్నవాడికి ఆ పూటే అన్నం పెడతాడు. ఎమ్మెల్యే అయిన మర్నాటి నుంచి ఆ స్వేచ్ఛ ఉండదు. ప్రభుత్వ ఖజానా నుంచి తన సంతకంతో నేరుగా ఖర్చు పెట్టగలిగే రూపాయి ఒక్కటి కూడా ఆయన దగ్గర ఉండదు. సభలో అడిగే హక్కు, బడ్జెట్‌పై ఓటు, అధికారిని పిలిచి ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకునే పలుకుబడి మాత్రం ఉంటాయి. ఈ మూడింటినీ వాడడం వచ్చినవాడే బస్తీకి పనికొస్తాడు. రానివాడు పెద్ద కారులో తిరిగే పాత సేవకుడిగానే మిగిలిపోతాడు.

దారి కొత్తది కాదు. ఐఎస్ సదన్ చౌరస్తా మీదుగా రోజూ వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ పేరు ఇందిరా సేవాసదన్ అనే అనాథాశ్రమం నుంచి వచ్చిందని తెలియదు. దాన్ని నెలకొల్పిన సంగం లక్ష్మీబాయి 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు, తర్వాత లోక్‌సభకు వెళ్లారు. చిలకలగూడలో పుట్టిన జె.ఈశ్వరీబాయి టీచరుగా పనిచేశారు, దళిత ఉద్యమంలో తిరిగారు, 1951లో సికింద్రాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కు చిలకలగూడ నుంచే గెలిచారు. శాసనసభలో అడుగుపెట్టడానికి మాత్రం ఆమెకు మరో 16 ఏళ్లు పట్టింది. 1967లోనూ, 1972లోనూ గెలిచింది ఎల్లారెడ్డి నుంచి, సొంత నగరం నుంచి కాదు. బొల్లారంలో పుట్టిన టి.ఎన్.సదాలక్ష్మి 1957లో పెద్దపల్లి నుంచి గెలిచి, 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉప సభాపతి అయ్యారు. సేవ చేసిన చోటే సీటు దొరుకుతుందన్న హామీ ఆ రోజుల్లోనూ లేదు.

కార్మిక సంఘాల నుంచి వచ్చినవాళ్లది ఇంకో తోవ. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలైన టి.అంజయ్య 1980లో ముఖ్యమంత్రి అయ్యారు. నాయిని నర్సింహారెడ్డి ముషీరాబాద్ నుంచి, పి.జనార్దన్‌రెడ్డి ఖైరతాబాద్ నుంచి గెలిచినప్పుడు వాళ్ల వెనుక ఉన్నది యూనియన్ ఆఫీసుల్లో గడిచిన ఏళ్లు. మా అభిప్రాయంలో, యూనియన్ నుంచి వచ్చినవాళ్లకు శాసనసభ త్వరగా అలవాటు పడడానికి కారణం ఉంది. యాజమాన్యంతో ఒప్పందం కాగితం మీద రాయించుకోవడం, తేదీ వేయించుకోవడం, మాట తప్పితే ఏ సెక్షన్ కింద నిలదీయాలో తెలుసుకోవడం వాళ్లకు రోజువారీ పని. అన్నదానాలు, వైద్య శిబిరాలు, నోటు పుస్తకాల పంపిణీ నుంచి వచ్చినవాళ్లకు ఆ అలవాటు ఉండదు. వాళ్లు ఇచ్చే పక్షంలోనే ఉన్నారు తప్ప, గట్టిగా అడిగి రాబట్టే పక్షంలో లేరు.

నామినేషన్‌కు ముందే చూసుకోవాల్సినవి

వయసు 25 నిండాలి, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. డిపాజిట్ రూ. 10,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు రూ. 5,000. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పేరును ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి 10 మంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లు కావాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బస్తీలో పక్కపక్కనే ఉంటారు, కానీ ఒకరి ఓటు గల్లీకి ఇవతల అంబర్‌పేటలో, ఇంకొకరిది అవతల ముషీరాబాద్‌లో ఉంటుంది. నామినేషన్ రోజు జాబితా తీసి చూస్తే పదిమందిలో ఇద్దరు పనికిరారు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది. 1,80,000 ఓట్లు పోలైతే 30,000 దాటాలన్నమాట.

సేవా సంస్థ నడిపేవాళ్లు వీటికంటే ముందు సర్దుకోవాల్సినవి వేరే ఉన్నాయి. సంస్థకు విదేశీ విరాళాలు వస్తుంటే జాగ్రత్త పడాలి. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం ఎన్నికల అభ్యర్థి గానీ, చట్టసభ సభ్యుడు గానీ, రాజకీయ పార్టీ పదవిలో ఉన్నవారు గానీ విదేశీ విరాళం తీసుకోకూడదు. "సంస్థ వేరు, నేను వేరు" అనడానికి కాగితాలు కూడా వేరుగా ఉండాలి. బ్యాంకు ఖాతాలో ఇంకా ఈయన సంతకమే నడుస్తుంటే ఆ మాట నిలవదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులదీ ఇలాంటి తంటాయే. రాజకీయ పార్టీకి నేరుగా గానీ, చుట్టుతిప్పి గానీ చేరే డబ్బును చట్టం సీఎస్ఆర్‌గా ఒప్పుకోదు. కాబట్టి సంస్థ పెద్ద పార్టీ కండువా కప్పుకోగానే కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తగ్గుతాయి. పదేళ్లుగా నడిచిన కుట్టు శిక్షణ కేంద్రం ఎన్నికల ఏడాదిలో మూతపడడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

మూడోది ఇంకా ప్రమాదం. ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టు గానీ, పనులు చేసే కాంట్రాక్టు గానీ అభ్యర్థి పేరున నడుస్తుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ కింద అనర్హత వస్తుంది. ప్రభుత్వ పనుల్ని సొంత పేరున ఒప్పందం రాసుకుని చేస్తున్నవాళ్లు నామినేషన్ పరిశీలనకు ముందే దాని సంగతి తేల్చుకోవాలి. ప్రభుత్వం కింద జీతం వచ్చే పదవి ఉంటే రాజ్యాంగం 191వ అధికరణం అడ్డొస్తుంది. వీటికి తోడు ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ రాయాలి, ఏ గడీ ఖాళీగా వదలకూడదు. సంబంధం లేనిచోట "లేదు" అని రాయాలి. ధర్నాల్లో పడ్డ పాత కేసులు సేవ నుంచి వచ్చినవాళ్లకు మామూలే, అభియోగాలు నమోదైనవి ఏవో లాయరుతో వెతికించుకోవాలి. పెండింగ్ కేసులున్న అభ్యర్థి ప్రచార సమయంలో వాటి వివరాలను పత్రికల్లోనూ, టీవీలోనూ మూడుసార్లు ప్రకటించాలి.

ఖర్చు సంగతి. తెలంగాణలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 జనవరి నుంచి రూ. 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు దీనికోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక వ్యక్తికి గానీ, సంస్థకు గానీ నగదుగా ఇచ్చేది మొత్తం ప్రచారంలో రూ. 10,000 దాటకూడదు, ఆపైన చెక్కు, ఆన్‌లైన్ మాత్రమే. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పగించాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే 3 ఏళ్లు పోటీకి అనర్హులు. గెలిచినవాళ్ల సిబ్బంది ఈ పని చేసిపెడతారు. ఓడిపోయిన స్వతంత్రుడు మనసు విరిగి ఇంట్లో కూర్చుంటాడు, తర్వాతి ఎన్నికకు వచ్చేసరికి అనర్హుల జాబితాలో పేరుంటుంది.

ఎన్నికల కోడ్ వచ్చాక సేవ అంతా ఇంకో రంగు పులుముకుంటుంది. ఫొటో ఉన్న అంబులెన్స్, పేరు రాసిన వాటర్ ట్యాంకర్, ఉచిత కంటి శిబిరం, కుట్టు మిషన్ల పంపిణీ ఏదైనా సరే ఖర్చు కింద రాస్తారు, లేదా ఓటర్లకు లంచం కింద కేసు పెడతారు. అధికారులు అభ్యర్థి లెక్కకు సమాంతరంగా తమ రిజిస్టరు తాము నడుపుతారు. టెంటుకు ఇంత, కుర్చీకి ఇంత, టిఫినుకు ఇంత అని ముందే ధరల పట్టిక తయారుచేసుకుంటారు. ప్రచారంలో కనీసం మూడుసార్లు అభ్యర్థి లెక్కను ఆ రిజిస్టరుతో పోల్చి చూస్తారు. "ఇది నేను ఏటా చేసే పనే" అనే వాదన అక్కడ చెల్లదు.

అభిమానం వేరు, పోలింగ్ ఏజెంటు వేరు

2023 శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద 71 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. హైదరాబాద్ జిల్లాలో సగం కూడా పడలేదు. బస్తీలో జీవితాంతం తిరిగినవాళ్లు దీన్ని తమకు కలిసొచ్చే అంశం అనుకుంటారు. అపార్ట్‌మెంట్లు కదలవు, బస్తీ కదులుతుంది, బస్తీ మనదే అనే లెక్క. అది కొంతవరకే పనిచేస్తుంది. హైదరాబాద్ జిల్లాలో ఒక్కో నియోజకవర్గంలో సుమారు 200 నుంచి 400 దాకా పోలింగ్ కేంద్రాలుంటాయి. ప్రతిదాంట్లో పొద్దున్నే నమూనా పోలింగ్ వేళకు ఒక ఏజెంటు కూర్చోవాలి, మార్చడానికి ఇంకొకరు ఉండాలి. సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో చెప్పే ఫారం 17సీ నకలు చేతిలో పడేదాకా కదలకూడదు. 300 కేంద్రాలకు ఇద్దరేసి చొప్పున 600 మంది కావాలి. సేవా సంస్థకు నమ్మకమైన కార్యకర్తలు వందమంది దొరికితే గొప్ప. పైగా వాళ్లంతా రెండు, మూడు బస్తీల్లోనే కేంద్రీకృతమై ఉంటారు.

పాత ఓటరు జాబితా ఇంకో గండం. కిరాయి ఇళ్లు మారే నగరంలో ఓటు మౌలాలిలో ఉంటుంది, మనిషి మల్కాజిగిరిలో ఉంటాడు. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8. ఈ పని ఎన్నికలకు ఏడాది ముందు బూత్ స్థాయి అధికారి వెంట తిరిగి చేయించాలి. షెడ్యూలు వచ్చాక మేల్కొంటే దొరికే ఓట్లు తక్కువ.

అందుకే ఈ దారిలో మొదటి మెట్టు కార్పొరేటర్ ఎన్నిక కావడం మంచిదని గట్టిగా చెబుతాం. 2020 డిసెంబరులో బల్దియాకు, అంటే జీహెచ్ఎంసీకి, 150 డివిజన్లలో ఎన్నికలు జరిగాయి, సగం సీట్లు మహిళలకు. డివిజన్ చిన్నది, ముఖాలు తెలిసినవి, కేంద్రాలు కొద్ది. అంతకన్నా ముఖ్యం, కార్పొరేటర్‌గా ఉన్న ఐదేళ్లలో అంచనా అంటే ఏమిటో, టెండరు ఎక్కడ ఆగుతుందో, ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు), ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) తేడా ఏమిటో తెలిసివస్తుంది. ఈశ్వరీబాయి ముందు మున్సిపల్ కార్పొరేషన్‌లో కూర్చుని తర్వాత శాసనసభకు వెళ్లారు.

లెటర్‌ప్యాడ్ బలం ఎంత

గెలిచాక పొద్దున్నే ఇంటి ముందు జనం. ఆస్పత్రి బిల్లు, పెన్షన్, స్కూల్ సీటు, పోలీస్ స్టేషన్ గొడవ. అందరికీ కావాల్సింది లెటర్‌ప్యాడ్ మీద నాలుగు మాటలు, ఒక సంతకం. ఆ ఉత్తరానికి చాలా విషయాల్లో చట్టపరంగా విలువ లేదు, అది సిఫారసు మాత్రమే. అధికారి దాన్ని ఫైల్లో పెట్టి నిబంధన ప్రకారం "వీలుకాదు" అని రాయవచ్చు, రాస్తాడు కూడా.

ఉత్తరానికి నిజంగా స్థానం ఉన్నది ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తుల్లో. 2024 జూలై నుంచి ఇవి ఆన్‌లైన్‌లో, ప్రజాప్రతినిధి సిఫారసు లేఖతో వెళ్తున్నాయి. నమోదు చేశాక వచ్చే నంబరు వేసి అసలు బిల్లులను సచివాలయంలో ఇవ్వాలి. ఫైలు ఎక్కడ తిరగబడుతుందో చూడండి. జిరాక్సులు పెడతారు, అసలు బిల్లులు బీమా కంపెనీకి వెళ్లిపోయి ఉంటాయి. లేదా అదే చికిత్స ఆరోగ్యశ్రీలో అయిపోయి ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. బ్యాంకు ఖాతా భర్త పేరున ఇస్తారు, రోగి భార్య. నకిలీ బిల్లుల వ్యవహారంపై 2024లో సీఐడీ కేసులు పెట్టాక ఆస్పత్రి నుంచి నిర్ధారణ మరింత గట్టిగా అడుగుతున్నారు. చెక్కు వచ్చాక కూడా పని అయిపోదు. దాని గడువు 3 నెలలే. చెక్కుల పంపిణీ కార్యక్రమానికి ఎమ్మెల్యే తీరిక కోసం ఆపి, ఆపి ఇచ్చేసరికి అందులో రెండు నెలలు గడిచిపోయిన సందర్భాలున్నాయి. వచ్చిన రోజే ఫోన్ చేసి ఇచ్చేయాలి, ఫొటో కోసం రోగిని ఆపడం ఏ విధంగానూ సమర్థించలేం. ఇక చికిత్సకు ముందే డబ్బు కావాలంటే ఎల్ఓసీ, అంటే ఖర్చు భరిస్తామని ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం. ఎక్కువగా నిమ్స్‌లో చేరిన రోగులకు, ఆస్పత్రి ఇచ్చిన అంచనా పత్రం ఆధారంగా ఇస్తారు. ఆపరేషన్ అయ్యాక ఎల్ఓసీ అడిగితే రాదు, అప్పుడు బిల్లుల దారే. ఈ తేడా తెలిసిన పీఏ ఒక్కడుంటే ఎన్నో కుటుంబాలు అప్పు తప్పించుకుంటాయి.

ఇలాంటి పనుల్లో మంచి ఆఫీసు ఉంటే ఎమ్మెల్యే స్వయంగా కూర్చోనక్కర్లేదు. సేవ నుంచి వచ్చినవాళ్లు మాత్రం కూర్చుంటారు, అలవాటు కాబట్టి, జనం మెచ్చుకుంటారు కాబట్టి. రాష్ట్రంలో ఎమ్మెల్యేకు 2016 నుంచి నెలకు జీతభత్యాలు కలిపి రూ. 2.5 లక్షలు. పెళ్లికి, చావుకు, బోనాలకు, వినాయక మండపానికి చేతిలో పెట్టేవి పోగా ఆ డబ్బు నిలవదు. కాలం అంతకన్నా త్వరగా కరిగిపోతుంది. లైన్లో నిలబడినవాడి పని అవుతుంది, లైన్లోకి రాలేనివాడి గల్లీలో మురుగు అలాగే పొంగుతుంది.

ఒక మురుగు లైను కథ

మూసీకి దగ్గరగా ఉన్న ఏ పాత బస్తీనైనా తీసుకోండి. మ్యాన్‌హోల్ పొంగిందని 155313కు ఫోన్ చేస్తే నగర మంచినీటి, మురుగునీటి బోర్డు అయిన జలమండలి మనుషులు వచ్చి జెట్టింగ్ మిషన్‌తో తోడిపోతారు. వారానికి మళ్లీ పొంగుతుంది. ఎందుకంటే అడ్డుపడిన చెత్త కన్నా పెద్ద కారణం పైపు. ఒకంతస్తు ఇళ్లప్పుడు వేసిన 6 అంగుళాల లైను, ఇప్పుడు అవే ఇళ్లు మూడంతస్తులయ్యాయి. పైపు మార్చాలి.

ముందు ఎవరి పనో తేలాలి. ఇళ్ల మురుగు జలమండలిది, వాననీటి నాలా బల్దియాది. నగర శివారు సర్కిళ్లలో మురుగు లైన్ల నిర్వహణ కూడా 2021 అక్టోబరు నుంచి జలమండలికి వచ్చింది. గల్లీలో రెండూ కలిసిపోయి ఉంటే ఇద్దరూ చేతులు దులుపుకుంటారు. ఎమ్మెల్యే చేయాల్సిన మొదటి పని, రెండు శాఖల ఇంజినీర్లను ఒకేసారి ఆ గల్లీలో నిలబెట్టి ఉమ్మడి తనిఖీ నోట్ రాయించడం. వేరువేరుగా పిలిస్తే చెప్పేది వేరువేరుగా ఉంటుంది.

తర్వాత అంచనా. ఇందులో చూడాల్సినవి మూడు. ఒకటి, కొత్త లైను కలిసే పెద్ద లైను మట్టం. కలిసేచోట పెద్ద లైను ఎత్తులో ఉంటే ఎంత పెద్ద పైపు వేసినా మురుగు వెనక్కే తంతుంది. రెండు, ఇంటి కనెక్షన్లు. అంచనాలో మెయిన్ లైను మాత్రమే రాసి, ఇంటి నుంచి మ్యాన్‌హోల్ దాకా వేసే పైపు వదిలేస్తారు. పని అయ్యాక జనం తమ ఖర్చుతో తలో రకంగా కలుపుకుంటారు, కొందరు పాత లైనులోనే ఉంచేస్తారు, సమస్య సగం మిగిలిపోతుంది. మూడు, రోడ్డు పూడ్చే ఖర్చు. తవ్విన రోడ్డు తిరిగి వేయడానికి బల్దియాకు కట్టాల్సిన డబ్బు అంచనాలో లేకపోతే గల్లీ ఏడాది పాటు మట్టిగా ఉంటుంది.

అంచనాకు పరిపాలనా అనుమతి, ఆపైన సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, పని, ఎం.బుక్ అనే కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. పని ఆగేది ఎక్కువగా చివర్లో. పాత పనుల బిల్లులు రాని కాంట్రాక్టరు టెండరు వేయడు, వేసినా సగంలో మనుషుల్ని తీసేస్తాడు. జూన్ వచ్చిందంటే తవ్విన గోతిలో నీళ్లు. అందుకే బస్తీ పనులకు ఫైలు దసరా లోపు కదిలి, తవ్వడం సంక్రాంతి తర్వాత మొదలై, ఉగాది దాటగానే పూడ్చేయాలి. ఈ క్యాలెండరు తెలియక ఏప్రిల్లో కొబ్బరికాయ కొట్టిన పనులే వానలకు బస్తీని ముంచుతాయి. ఇంకో మామూలు తప్పు: ఎమ్మెల్యే సిఫారసుతో బల్దియా ముందు సీసీ రోడ్డు వేసేస్తుంది, ఆరు నెలలకు జలమండలి వచ్చి దాన్నే పగలగొడుతుంది. వరుస మురుగు, మంచినీరు, రోడ్డు అని ఉండాలి. రోడ్డు కంటికి కనిపిస్తుంది, కాబట్టి ముందు అదే అడుగుతారు. అక్కడ బస్తీకి నచ్చజెప్పగలిగే చనువు సేవ చేసిన మనిషికి ఉంటుంది. ఆయనకున్న అసలు ఆస్తి ఆ చనువే.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిస్థితి వేరు. అక్కడి రోడ్లు, మురుగు రక్షణ శాఖ కింద ఉండే కంటోన్మెంట్ బోర్డువి. 2006 చట్టం ప్రకారం ఎమ్మెల్యే బోర్డు సమావేశాలకు ప్రత్యేక ఆహ్వానితుడు, మాట్లాడవచ్చు, ఓటు లేదు. అదే బల్దియాలో ఎమ్మెల్యేలు ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు, 2021 ఫిబ్రవరిలో మేయర్ ఎన్నికలో ఓటేశారు కూడా.

5 కోట్లు, 3 లక్షల కోట్లు

నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో రాష్ట్ర ప్రభుత్వం రూ. 3 కోట్ల నుంచి రూ. 5 కోట్లకు పెంచింది. ఎమ్మెల్యే పనులు సూచిస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, చేయించేది ఆయా శాఖ. 3 లక్షల ఓటర్లున్న నియోజకవర్గానికి రూ. 5 కోట్లంటే తలకు ఏడాదికి రూ. 167. ఒక కమిటీ హాలు, నాలుగు గల్లీల రోడ్డు, రెండు బడుల మరమ్మతు, అక్కడికి సరి. మరోపక్క, 2025-26కు రాష్ట్ర బడ్జెట్ రూ. 3,04,965 కోట్లు. ఆ డబ్బుకు శాసనసభ ఓటు లేకుండా అనుమతి రాదు. తన 5 కోట్ల కోసం ఏడాదంతా తిరిగి, 3 లక్షల కోట్ల మీద పద్దుల (శాఖల వారీ ఖర్చుల) చర్చ నడిచే రోజుల్లో క్యాంపు కార్యాలయంలో కూర్చునే ఎమ్మెల్యే తన పదవిలో పెద్ద భాగాన్ని వదిలేసుకున్నట్టే. ఇటీవలి సంవత్సరాల్లో సభ ఏడాదికి నెల రోజులు కూడా కూర్చోవడం లేదు. ఆ కొద్ది రోజులైనా పూర్తిగా అక్కడే ఉండాలని అడగడం అత్యాశ కాదు.

సభలో చిన్న సభ్యుడికి కూడా అందుబాటులో ఉన్న ఆయుధం ప్రశ్న. అది రాసే తీరులోనే ఫలితం ఉంటుంది. "బస్తీల్లో మురుగు సమస్య ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, వస్తే తీసుకున్న చర్యలేమిటి?" అని అడిగితే వచ్చే జవాబు ఊహించవచ్చు: "వచ్చిందండి. ఎప్పటికప్పుడు చర్యలు తీసుకుంటున్నాం." లేదా మొదటి ముక్కకు "లేదండి" అని, రెండోదానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని. ఇలా అడగాలి: ఫలానా నియోజకవర్గంలో గత రెండేళ్లలో మురుగు లైన్ల మార్పిడికి పరిపాలనా అనుమతి పొందిన పనులెన్ని, ఒక్కోదాని తేదీ, మొత్తం ఎంత, వాటిలో ఒప్పందం అయినవి, పూర్తయినవి ఎన్ని, చెల్లించాల్సిన బిల్లులు ఎంత, ఎప్పటి నుంచి. దీనికి "చర్యలు తీసుకుంటున్నాం" అని రాయడం కుదరదు. జవాబు తయారుచేయడానికి శాఖ కింది ఇంజినీరు దాకా ఫోన్లు వెళ్తాయి, ప్రశ్న సభలో చర్చకు రాకముందే కొన్ని బిల్లులు కదులుతాయి. సభలో మంత్రి ఇచ్చిన మాట రికార్డుకెక్కితే దాన్ని వెంటాడడానికి హామీల కమిటీ ఉంది. సభలో అన్న మాటకు 194వ అధికరణం కింద కోర్టు కేసుల భయం లేదు. బస్తీలో గుసగుసగా చెప్పుకునే విషయాన్ని పేర్లతో, అంకెలతో చెప్పగలిగే ఒకే ఒక్క చోటు అది.

పార్టీ గీత మాత్రం దాటలేరు. ఇలాగే ఓటేయాలని పార్టీ విప్ జారీ చేసిన ఓటింగులో ఎదురు ఓటేస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) కింద సభ్యత్వానికే ఎసరు. పార్టీ మారితేనూ అంతే, కాకపోతే తేల్చేది సభాపతి, ఆ తేల్చడం ఏళ్లు పట్టవచ్చు. తెలంగాణలో పది మంది ఎమ్మెల్యేలపై వచ్చిన పిటిషన్లను 3 నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రశ్నలకు, పద్దుల మీద ప్రసంగానికి, కమిటీల్లో పనికి విప్ అడ్డురాదు. నిజాయితీగా పనిచేయాలనుకునేవారికి అక్కడ కావలసినంత జాగా ఉంది. ప్రభుత్వ లెక్కల కమిటీలో, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలోని ఒక్క పేరాను పట్టుకుని అధికారులను ప్రశ్నించడం, పది సంవత్సరాల శిబిరాలకన్నా ఎక్కువ మందికి మేలు చేయగలదు. చప్పట్లు మాత్రం రావు.

ఎన్నికలు లేకుండా సేవ పేరుతో చట్టసభకు వెళ్లే దారి కూడా రాజ్యాంగంలోనే ఉంది. 40 మంది ఉండే తెలంగాణ శాసనమండలిలో ఆరుగురిని గవర్నర్ నామినేట్ చేస్తారు. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకార ఉద్యమం, సామాజిక సేవ అని 171వ అధికరణం పేర్కొన్న ఐదు రంగాల్లో ప్రత్యేక పరిజ్ఞానం గానీ, అనుభవం గానీ ఉండాలి. సామాజిక సేవ అంటే ఏమిటో అక్కడ నిర్వచనం లేదు. పార్టీ నాయకుడు చేసింది సేవ కిందికి వస్తుందా అన్న చోటే ప్రతిసారీ తగాదా. 2023 సెప్టెంబరులో మంత్రివర్గం పంపిన రెండు పేర్లను అప్పటి గవర్నర్ తిప్పి పంపారు. నిజంగా సేవలో జీవితం గడిపినవారికి ఈ సీట్లు దొరకడం అరుదుగా ఉండడం బాధాకరం.

మీ ఎమ్మెల్యే ఇందులో ఎక్కడున్నారో తెలుసుకోవడానికి పెద్ద కష్టం అక్కర్లేదు. అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దొరుకుతుంది. అభివృద్ధి నిధి గురించి జిల్లా ప్రణాళికాధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము రూ. 10, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "నిధులు ఎలా ఖర్చు చేశారు" అని అడగకండి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎమ్మెల్యే సూచించిన పనుల జాబితా, ఒక్కోదానికి మంజూరైన మొత్తం, మంజూరు తేదీ, పని చేసిన శాఖ, చెల్లించిన మొత్తం, పూర్తి అయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం నకలు అని విడివిడిగా రాయండి. ఇంకో దరఖాస్తు శాసనసభ కార్యాలయానికి: ఈ సభ్యుడు ఈ కాలంలో ఇచ్చిన ప్రశ్నల నోటీసులెన్ని, వాటిలో అనుమతించినవి ఎన్ని, అని. ఈ రెండు జవాబులూ పట్టుకుని బస్తీ కమిటీ సమావేశానికి ఆయన్ని పిలవండి. వచ్చాక కమిటీ హాలు అడగకండి, మురుగు లైను అంచనా నకలు అడగండి.